జేబు గణనయంత్రాలు – అంకెల వెలుగు

లెక్క అనగానే మన ఇళ్లలో ముందుగా జ్ఞాపకం వచ్చేది వల్లెవేత. తెలుగు ఇళ్లలో ఎక్కాలు, ఉర్దూ ఇళ్లలో పహాడే తరతరాలుగా పిల్లల నోట పలుకుతూ వచ్చినవి. దుకాణంలో కూర్చున్న వ్యాపారి కాగితం ముట్టకుండా నోటిలెక్కతోనే మొత్తం చెప్పగలిగేవాడు. పై చదువులకు వెళ్లిన విద్యార్థికి లాగరిథం పట్టికలు, స్లైడ్ రూలు తోడుగా ఉండేవి. 1970 దశకంలో వీటి ప్రక్కన మరొక సాధనం వచ్చి చేరినది. అదే జేబు కాలిక్యులేటరు. ఆ దశకం ముగిసేసరికి స్లైడ్ రూలు దాదాపు కనుమరుగైనది.

చాంద్రాయణగుట్ట, బార్కస్, ఫలక్‌నుమా ప్రాంతాల వారికి ఈ యంత్రం బాగా పరిచితమే. 1970 దశకం నుండి ఇక్కడి కుటుంబాల వారు ఎందరో ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లినారు. సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు వారి పెట్టెలలో టేపురికార్డరు, చేతి గడియారాలతో పాటు కాలిక్యులేటరు కూడా వచ్చేది. ఈనాడు ఆ పని సెల్‌ఫోను చేస్తున్నది గనుక పాత యంత్రాలు అలమరలలో మూలపడినవి. కొన్ని చిత్తు సామానుగా అమ్ముడుపోయి పాత వస్తువుల సంతలకు చేరుతున్నవి. అవి పూర్తిగా మాయం కాకముందే వాటిలోని విజ్ఞానాన్ని తెలుసుకొనటం అవసరం.

జేబు కాలిక్యులేటరు పుట్టుకకు సిలికాన్ చిప్పే కారణమని సాధారణంగా చెప్పుతారు. అది నిజమే, కాని సగం నిజం. యంత్రం లోపల లెక్క జరిగినంత మాత్రాన చాలదు. ఆ ఫలితం మనిషి కంటికి కనబడవలెను. కనబడేటట్లు చేయటానికి విద్యుత్తు కావలెను. తొలినాటి చేతి యంత్రాలలో బ్యాటరీని త్వరగా హరించిన వాటిలో అంకెలు చూపే ఫలకం ముఖ్యమైనది. ఆ ఖర్చును ఎట్లా తగ్గించగలిగినారన్నదే ఈ వ్యాసంలోని విషయం.

నియాన్ వెలుగు

ప్రపంచంలో మొట్టమొదటి ఎలక్ట్రానిక్ బల్ల కాలిక్యులేటరు 1961లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చినది. బెల్ పంచ్ కంపెనీ తయారుచేసిన ఆ యంత్రం పేరు అనిటా. దానిలో అంకెలను చూపినది నిక్సీ గొట్టం. అమెరికాలో బరోస్ కంపెనీ 1950 దశకం మధ్యలో ఈ గొట్టాన్ని విపణిలో ప్రవేశపెట్టినది.

నిక్సీ గొట్టం నిర్మాణం సులభంగానే అర్థమవుతుంది. ఒక గాజు బుడ్డిలో సున్నా నుండి తొమ్మిది వరకు పది అంకెల ఆకారంలో వంచిన పది సన్నని లోహపు తీగలు ఒకదాని వెనుక ఒకటి అమర్చి ఉంటవి. ఇవి కాథోడులు. వాటి ముందు జల్లెడ వంటి ఆనోడు ఉంటుంది. బుడ్డిలో పలుచని నియాన్ వాయువు ఉంటుంది. ఏ అంకె తీగకు విద్యుత్తు అందితే ఆ తీగను అంటుకొని ఉన్న వాయువు నారింజ రంగులో వెలుగుతుంది. తీగ మాత్రం నిప్పుకణం వలె వేడెక్కదు. వెలిగేది దాని చుట్టూ ఉన్న వాయువే.

అంకెల రూపం గుండ్రంగా, చేతివ్రాత వలె అందంగా ఉండేది. లోపం ఒక్కటే: ఈ గొట్టానికి సుమారు 170 వోల్టులు కావలెను. గోడలోని ప్లగ్గు ఉన్న కార్యాలయానికి అది సమస్య కాదు. చొక్కా జేబుకు మాత్రం అసాధ్యం. 1964లో జపానులో షార్ప్ కంపెనీ ట్రాన్సిస్టర్లతో నిర్మించిన కాంపెట్ సి.ఎస్-10ఎ అనే యంత్రం బరువు 25 కిలోలు. వెల 5,35,000 యెన్లు. ఆ డబ్బుతో అక్కడ ఒక చిన్న కారు వచ్చేది.

నీలాకుపచ్చ గొట్టాలు

రెండవ మెట్టు కూడా జపానులోనే. అక్కడి ఇసె ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960 దశకం చివరిలో శూన్య ప్రతిదీప్తి గొట్టాన్ని రూపొందించినది. దీనిలో వెంట్రుక వంటి సన్నని తంతువు కొద్దిగా వేడెక్కి ఎలక్ట్రానులను వెలువరిస్తుంది. ఆ ఎలక్ట్రానులు ఫాస్ఫరు పూత పూసిన గీతలకు తగిలినప్పుడు నీలం, ఆకుపచ్చ కలిసిన వెలుగు వస్తుంది. పాత టెలివిజను తెర వెలిగిన సూత్రమే ఇది. కాని ఇక్కడ వేల వోల్టులు అక్కరలేదు, రెండు మూడు పదుల వోల్టులతోనే పని జరుగుతుంది.

1969లో షార్ప్ విడుదల చేసిన క్యు.టి-8డి యంత్రంలో ఈ గొట్టాలు ఉన్నవి. బరువు 1.4 కిలోలు, వెల 99,800 యెన్లు. అయిదు సంవత్సరాలలో 25 కిలోలు ఒకటిన్నర కిలోకు లోపుగా దిగివచ్చినది. 1972లో కాసియో కంపెనీ కాసియో మినీ అనే యంత్రాన్ని 12,800 యెన్లకే అమ్మినది. ఆరు అంకెలు మాత్రమే చూపే ఆ చిన్న యంత్రంతో కాలిక్యులేటరు కార్యాలయాన్ని దాటి సామాన్య గృహంలో అడుగుపెట్టినది.

ఎర్రని చుక్కలు

మూడవ మెట్టు అర్ధవాహకాలది. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రని కాంతినిచ్చే డయోడును నిర్మించినాడు. గాలియం, ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలిసిన స్ఫటికం గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు ఈ కాంతి పుట్టుతుంది. ఎల్.ఇ.డి. అని మనమందరం పిలిచే దీపం ఇదే. దీనికి రెండు వోల్టులకు లోపే చాలును. గాజు బుడ్డి లేదు, వేడి తంతువు లేదు, పగిలే భయం లేదు.

అయితే 1967లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ బృందం చేతిలో ఇమిడే కాలిక్యులేటరు నమూనాను నిర్మించినప్పుడు దానికి వెలిగే ఫలకమే లేదు. సన్నని కాగితపు పట్టీపై వేడితో అంకెలను ముద్రించేది. ఆ పద్ధతిలోనే 1970లో కానన్ కంపెనీ పాకెట్రానిక్ అనే యంత్రాన్ని అమ్మినది. లెక్క చేసే భాగం చేతిలోకి ఇమిడినా, చిన్న బ్యాటరీతో వెలిగించదగిన అంకెల ఫలకం ఇంకా చేతికి అందలేదన్నమాట.

1971లో జపానుకు చెందిన బిజికామ్ సంస్థ తెచ్చిన హ్యాండీ అనే యంత్రంలో ఎల్.ఇ.డి. అంకెలు నిజంగా జేబులోకి వచ్చినవి. మరుసటి సంవత్సరం హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ హెచ్.పి-35ను విడుదల చేసినది. సైను, కొసైను, లాగరిథంలను మీట నొక్కి తెలుసుకొనే వీలు కల్పించి, స్లైడ్ రూలుకు కాలం చెల్లజేసినది ఇదే. దాని వెల 395 డాలర్లు. అప్పటి మారకపు రేటున, సుంకం చేర్చకముందే, దాదాపు మూడు వేల రూపాయలు.

ఎల్.ఇ.డి. స్ఫటికం అప్పట్లో చాలా ఖరీదైనది గనుక అంకెలను అతి చిన్నవిగా చేసి, ప్రతి అంకెపై గాజు బొట్టు వంటి కటకాన్ని అమర్చి పెద్దవిగా చూపేవారు. పాత యంత్రాల ఫలకంపై బుడిపెల వరుస కనబడేది అందుకే. ఇంత చేసినా ప్రతి గీత కొన్ని మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును త్రాగేది. బ్యాటరీ కొద్ది గంటలకే అయిపోయేది. పగటి ఎండలో అంకెలు సరిగా కనబడేవి కావు.

ఏడు గీతల అంకె

పొదుపు కోసం ఇంజనీర్లు రెండు ఉపాయాలు పన్నినారు. మొదటిది ఏడు గీతల అంకె. అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు, మొత్తం ఏడు గీతలు. వీటిలో కొన్నిటిని వెలిగించి, కొన్నిటిని ఆర్పి ఏ అంకెనైనా చూపవచ్చును. ఒకటికి రెండు గీతలు చాలును. ఎనిమిదికి ఏడూ కావలెను. ఎనిమిది స్థానాల ఎల్.ఇ.డి. యంత్రంలో అన్నీ ఒకట్లయితే 16 గీతలు, అన్నీ ఎనిమిదులయితే 56 గీతలు వెలుగుతవి. అంటే ఫలకం ఖర్చు మూడున్నర రెట్లు. సంఖ్య ముందుండే వృథా సున్నాలను చూపకుండా దాచిపెట్టటం వలన కూడా ఎంతో ఆదా.

రెండవ ఉపాయం వంతులవారీగా వెలిగించటం. ఎనిమిది అంకెలకు, వాటి దశాంశ బిందువులకు వేర్వేరుగా తీగలు వేస్తే 64 కావలెను. ఆ విధంగా చేయక, గీతలకూ బిందువుకూ కలిపి ఉమ్మడిగా 8 తీగలు, స్థానాలకు 8 తీగలు వేసి, ఒక్కొక్క స్థానాన్ని క్షణంలో స్వల్ప భాగం మాత్రమే వెలిగించినారు. కంటికి దృష్టి నిలకడ అనే గుణం ఉన్నది గనుక అన్నీ ఒకేసారి వెలుగుతున్నట్లు తోచును. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ 1972లో ఈ ఆలోచనను ఇంకా ముందుకు నడిపి, తన ఎగ్జిక్యూటివ్ అనే పలుచని యంత్రంలో చిప్పుకు కూడా విద్యుత్తును విడతలు విడతలుగా అందించినాడు. విడతల నడుమ చిప్పు తన లోపలి విద్యుదావేశం తరిగిపోకముందే మళ్లీ విద్యుత్తును అందుకొనేది. ఆ విధంగా వినికిడి యంత్రాలలో వాడే చిన్న బిళ్ల బ్యాటరీలతోనే అది పనిచేసినది.

ఇక్కడ మన కళాశాల విద్యార్థులు ఆలోచించదగిన విషయం ఒకటున్నది. ఏడు గీతలలో ఏటవాలు గీత లేదు, వంపు లేదు, చుక్క లేదు. ఉర్దూలో ఒకటి నిలువు గీత గనుక ఇందులో ఇముడుతుంది. కాని ఏడు అనే అంకె రెండు ఏటవాలు గీతలు క్రింద కలిసిన రూపం. ఎనిమిది దానిని తలక్రిందులు చేసిన రూపం. సున్నా ఒక చుక్క. ఇవేవీ ఇమడవు. తెలుగులో ౨, ౩, ౪, ౯ మొదలైన అంకెలన్నీ వంపులతో కూడినవి. అవి అసలే ఇమడవు. ఏడు గీతల చట్రంలో ఒదిగినవి ఐరోపా రూపంలోని అంకెలే.

ఆ అంకెల మూలం మాత్రం మన దేశమే. 7వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుడు సున్నాతో గణించే నియమాలను వ్రాసినాడు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ భారతీయ గణన పద్ధతిని అరబ్బీలో వివరించినాడు. 1202లో ఇటలీకి చెందిన ఫిబొనాచీ దానిని లాటిన్ గ్రంథంలో వివరించి ఐరోపాలో వ్యాపింపజేసినాడు. అరబ్బీలో ఈ అంకెలకు నేటికీ ‘భారతీయ అంకెలు’ అనే అర్థం వచ్చే పేరున్నది. మన రాజ్యాంగం 343వ అధికరణం కూడా కేంద్ర ప్రభుత్వ వ్యవహారాలకు ‘భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం’ వాడవలెనని చెప్పుచున్నది. ఇక్కడ పుట్టి బాగ్దాదు మీదుగా లోకం చుట్టిన అంకె, గల్ఫ్ నుండి వచ్చిన పెట్టెలో ఏడు గీతల వేషంతో మన ఇంటికి తిరిగి వచ్చినదనవచ్చును.

వెలుగు మానిన యంత్రం

ఇక చివరి మెట్టు. ఇంతవరకు అందరూ తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగును పుట్టించటమెట్లా అని ఆలోచించినారు. అసలు వెలుగును పుట్టించకుండానే అంకెను చూపవచ్చునని ద్రవ స్ఫటికాలు నిరూపించినవి.

1888లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ ఒక సేంద్రియ పదార్థాన్ని వేడి చేసి, దానికి రెండు ద్రవీభవన స్థానాలున్నట్లు గమనించినాడు. 145.5 డిగ్రీల వద్ద అది మసక ద్రవంగా మారినది, 178.5 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన ద్రవమైనది. ఆ మసక దశలో పదార్థం ద్రవం వలె ప్రవహిస్తుంది, కాని దాని అణువులు స్ఫటికంలో వలె ఒక దిశకు వరుసతీరి ఉంటవి. దాదాపు ఎనభై సంవత్సరాలు ఇది ప్రయోగశాల వింతగానే ఉండిపోయినది. 1968లో అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థ, జార్జ్ హైల్మయర్ బృందం చేసిన ద్రవ స్ఫటిక ఫలకాన్ని లోకానికి ప్రకటించినది. 1973లో షార్ప్ ఇ.ఎల్-805 అనే జేబు కాలిక్యులేటరులో దానిని అమర్చినది. ఒక్క సన్న బ్యాటరీతో ఆ యంత్రం నూరు గంటలు పనిచేసినది.

తరువాత స్థిరపడిన పద్ధతిని 1970లో స్విట్జర్లండులో షాట్, హెల్ఫ్రిష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రెండు గాజు పలకల నడుమ పలుచని ద్రవ స్ఫటికపు పొర ఉంటుంది. దాని అణువులు పైనుండి క్రిందికి మెట్ల వలె తిరుగుతూ తొంభై డిగ్రీలు మెలితిరిగి ఉంటవి. గాజు పలకల వెలుపల ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు ధ్రువణ ఫలకాలున్నవి. మామూలుగా కాంతి ఆ మెలికను అనుసరించి తిరిగి, రెండవ ఫలకం గుండా బయటపడుతుంది. అడుగున ఉన్న అద్దం దానిని తిప్పి పంపుతుంది. ఒక గీతకు విద్యుత్ పీడనం ఇస్తే అక్కడి అణువులు నిలువుగా లేచి మెలిక విడిపోతుంది. కాంతికి దారి మూసుకొనిపోయి ఆ గీత నల్లగా కనబడుతుంది. అంకెను చూపేది గదిలోని దీపమో, సూర్యుడో. యంత్రం చేసేది తలుపు తీయటం, మూయటం మాత్రమే. ఫలకమంతటికీ కొద్ది మైక్రో ఆంపియర్లు చాలును. ఎల్.ఇ.డి.లో ఒక్క గీత త్రాగే విద్యుత్తులో ఇది వెయ్యవ వంతు స్థాయి.

సాధారణ ఉష్ణోగ్రత వద్ద చెడిపోకుండా నిలిచే ద్రవ స్ఫటికాలను 1970 దశకం ఆరంభంలో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం తయారుచేసిన తరువాత ఈ ఫలకాలకు అడ్డు లేకపోయినది. ఖర్చు ఇంతగా తగ్గగా, చిన్న సౌరఘటం కూడా చాలునన్న స్థితి వచ్చినది. 1983లో కాసియో ఎస్.ఎల్-800 అనే సౌర కాలిక్యులేటరు 0.8 మిల్లీమీటరు మందంతో, అట్టముక్క వలె వెలువడినది. పేద విద్యార్థికి కాలిక్యులేటరు నిజంగా అందినది అప్పుడే. కొనే వెల తగ్గటమొక్కటే కాదు. కొన్న తరువాత నెలనెలా బ్యాటరీలకు పెట్టే ఖర్చు లేకుండా పోయినది.

మన దేశంలో, మన నగరంలో

1970 దశకంలో మన దేశంలో దిగుమతులపై కఠినమైన ఆంక్షలు, అధిక సుంకాలు ఉండేవి. ఆ కాలంలో ఢిల్లీలోని డి.సి.ఎం. సంస్థ కాలిక్యులేటర్ల వ్యాపారంలోకి దిగినది. ఆ విభాగంలో పనిచేసిన శివ్ నాడార్, ఆయన సహచరులు బయటకు వచ్చి మైక్రోకాంప్ పేరుతో కాలిక్యులేటర్లు అమ్మినారు. ఆ రాబడి ఆసరాతో 1976లో హెచ్.సి.ఎల్. కంప్యూటరు సంస్థను నెలకొల్పినారు.

మన నగరం కూడా ఆ కాలంలో ఎలక్ట్రానిక్స్ కేంద్రంగా ఎదిగినది. 1967లో ఇక్కడ స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు ఆద్యుడు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి-12 అనే కంప్యూటరును ఈ సంస్థ తయారుచేసినది. ద్రవ స్ఫటికాల విషయంలోనూ మన దేశం వెనుకబడలేదు. 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధనా సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్, ఆయన సహచరులు బిళ్ల ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలు కాగలవని కనుగొన్నారు. గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం నుండి కూడా ద్రవ స్ఫటికాలపై అనేక పరిశోధన పత్రాలు వెలువడినవి.

విద్యార్థులు చేయదగిన పరిశీలనలు

పాత యంత్రం ఇంట్లో ఉన్నవారు కొన్ని పరిశీలనలు సులభంగా చేయవచ్చును. ఎల్.ఇ.డి. కాలిక్యులేటరును చీకటి గదిలో వేగంగా అటూఇటూ ఊపితే అంకెలు విడివిడి ముక్కలుగా చెదిరి కనబడతవి. వంతులవారీ వెలుగుకు అదే నిదర్శనం. ద్రవ స్ఫటిక ఫలకాన్ని ధ్రువణ చలువ కళ్లద్దాలతో చూస్తూ యంత్రాన్ని మెల్లగా త్రిప్పితే ఒక కోణంలో ఫలకమంతా నల్లబడుతుంది. మే నెల ఎండలో యంత్రాన్ని కారు అద్దం వెనుక వదిలివేస్తే ఫలకం మొత్తం నల్లగా మారవచ్చును. అణువుల వరుస వేడికి చెదరి, మెలిక పోయినందున ఇట్లా జరుగుతుంది. చల్లబడగానే సాధారణంగా మళ్లీ యథాస్థితికి వస్తుంది. రైనిట్జర్ చూసిన రెండవ ద్రవీభవనం ఇదే.

జాగ్రత్తలు కూడా చెప్పవలెను. నిక్సీ గొట్టాలున్న యంత్రాన్ని విద్యుత్తు ఉండగా విప్పరాదు. 170 వోల్టులు ప్రాణాంతకం కావచ్చును. పాత బ్యాటరీల నుండి కారిన పొడిని చేతితో తాకరాదు. తిరిగి నింపుకొనే పాత బ్యాటరీలలోని కాడ్మియం విషపదార్థం. భద్రపరచదలచిన యంత్రం నుండి ముందుగా బ్యాటరీలను తీసివేయవలెను.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక చిన్న అద్దాల బీరువా కేటాయిస్తే, విద్యార్థుల ఇళ్లలో మూలపడి ఉన్న యంత్రాలను అందులో చేర్చవచ్చును. ఎర్ర అంకెలది ఒకటి, నీలాకుపచ్చ అంకెలది ఒకటి, నల్ల అంకెలది ఒకటి లభించినా పాఠం పూర్తి అవుతుంది. ప్రతిదాని ప్రక్కన అది ఏ సంవత్సరంలో, ఏ దేశం నుండి వచ్చినది, ఇంట్లో ఎవరు ఏ పనికి వాడినారు అనే వివరాలను ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ వ్రాసి ఉంచవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. భౌతికశాస్త్ర పాఠంతో పాటు, ఈ ప్రాంతపు కుటుంబాల శ్రమచరిత్ర కూడా ఆ బీరువాలో నిలుస్తుంది.

ఏడు గీతలలో ఇమడని మన అంకెలకు ఈనాడు తెరపై చోటు దొరికినది. చుక్కల కూర్పుతో పనిచేసే నేటి సెల్‌ఫోను తెర ఉర్దూ ఏడును, తెలుగు ౭ను ఒకే తేలికతో చూపుతున్నది. ఆ ఫోన్లలో అనేకం ద్రవ స్ఫటికపు తెరలతోనే పనిచేస్తున్నవి. పొదుపు కోసం ఒకప్పుడు వదులుకొన్న వంపులను, చుక్కలను ఆ పొదుపు నుండి పెరిగిన విద్యయే మనకు తిరిగి ఇచ్చినది. వివరాల చీటీలపై సంవత్సరాలను మన అంకెలలోనే వ్రాయటానికి ఇక ఏ అడ్డంకీ లేదు.